బెత్తం లేకే పిల్లలు చెడుతున్నారన్నది అబద్ధం

పిల్లవాడి చేతుల్లో ఘోరం జరిగిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకే వాదం లేస్తుంది. టీవీ చర్చలో కూర్చున్న పెద్దమనిషీ అదే అంటాడు, స్టాఫ్‌రూంలో టీ తాగుతున్న మాస్టారూ అదే అంటాడు, బస్సులో పక్క సీటాయనా అదే అంటాడు. బళ్లో బెత్తం పోయింది, ఇంట్లో భయం పోయింది. తండ్రికి తీరిక లేదు, తల్లి ఉద్యోగానికి పోతోంది, పిల్లవాడి చేతిలో ఫోను పెట్టి వదిలేశారు. మా కాలంలో అయ్యవారు వీపు చీరేసేవారు, కాబట్టే మేం మనుషులమయ్యాం. ఇదీ వాదం. దాని వెనకాలే రెండు డిమాండ్లు వస్తాయి: మాస్టార్ల చేతికి బెత్తం తిరిగి ఇవ్వండి, నేరం చేసిన కుర్రాణ్ణి వయసు చూడకుండా పెద్దల జైల్లో వెయ్యండి.

ఈ వాదంలో నిజం పాలు తక్కువ, హాని పాలు ఎక్కువ. మొహమాటానికైనా దీనికి తలూపకూడదని నేను నమ్ముతున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. 2024 జులైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఒక చిన్నపిల్లపై జరిగిన దారుణంలో పోలీసులు పట్టుకున్నది బడికెళ్లే ముగ్గురు మైనర్లను. 2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో ఇంట్లో ఒంటరిగా ఉన్న పాప పట్టపగలు హత్యకు గురైంది. పట్టుబడినవాడు పక్క భవనంలో ఉండే పదో తరగతి కుర్రాడు. క్రికెట్ బ్యాటు దొంగిలించడానికి వచ్చి, దొరికిపోయేసరికి చంపాడని పోలీసులు చెప్పారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోతకు ఏ లెక్కలూ జవాబు కావు. వాళ్లు ఎంత కఠిన శిక్ష అడిగినా అడిగే హక్కు వాళ్లకుంది. నా మాటలు వాళ్లనుద్దేశించి కావు. వాళ్ల దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని, ఎప్పటినుంచో తమ మనసులో దాచుకున్న బెత్తాన్ని బయటికి తీస్తున్నవాళ్లను ఉద్దేశించినవి.

"మా కాలం" సంగతి చూద్దాం. బ్రిటిష్ ప్రభుత్వం 1864లోనే కొరడా దెబ్బల చట్టం తెచ్చింది. నేరం చేసిన బాలుడికి జైలు బదులు బెత్తం దెబ్బలు వేయించడానికి అది వీలిచ్చింది. 1909లో ఆ చట్టాన్ని మళ్లీ రాసుకున్నారు. 1955లో మన పార్లమెంటు రద్దు చేసేదాకా దెబ్బల శిక్ష చట్టంలో ఉంది. అంటే దాదాపు తొంభై ఏళ్లు బళ్లోనూ బెత్తమే, ఇంట్లోనూ బెత్తమే, కోర్టులోనూ బెత్తమే. ఇంత భయం మధ్య పిల్లలు నేరం మానేసి ఉండాలి కదా? మానలేదు. 1876లో నేరం చేసిన పిల్లల కోసం సంస్కరణ పాఠశాలల చట్టం చేయాల్సి వచ్చింది. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ముందు బాలల చట్టం తెచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. పిల్లలకు వేరే కోర్టులు కావాలని అప్పటి జైళ్ల కమిటీ సిఫారసు చేసింది. పిల్లలు నేరాలు చేయని స్వర్ణయుగం ఒకటి ఉండి ఉంటే ఈ చట్టాలు ఎవరికోసం రాసినట్టు?

ఇంకో సంగతి. దెబ్బలు తిని మనుషులమయ్యామని చెప్పుకునేవాళ్లంతా ఆ దెబ్బలు తట్టుకుని బళ్లో మిగిలినవాళ్లు. దెబ్బలకు జడిసి మూడో తరగతిలోనే పలక పారేసి గొడ్ల వెంట పోయినవాళ్లు, లారీ ఎక్కి ఊరు దాటినవాళ్లు ఈ చర్చలోకి రాలేదు. వాళ్లకు ఎవరూ మైకు ఇవ్వలేదు. బతికి బట్టకట్టినవాళ్ల జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకుంటే ఏ క్రూరమైన పద్ధతైనా గొప్పదిగానే కనిపిస్తుంది.

అసలు బెత్తం పోయిందన్న మాటే నిజం కాదు. కాగితం మీద పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 ఫిబ్రవరిలో బళ్లలో దెబ్బలు నిషేధిస్తూ జీవో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ దేశమంతటా నిషేధించింది. మరి జీవో వచ్చాక తరగతి గదిలో ఏం జరిగింది? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల పిల్లలను అడిగితే, బడికి వెళ్లేవాళ్లలో 65 శాతం మంది దెబ్బలు తింటున్నామన్నారు. మన రెండు రాష్ట్రాల పిల్లలనే చిన్నప్పటినుంచి ఏళ్ల తరబడి వెంబడించి చూసిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. 2009 ప్రాంతంలో ఎనిమిదేళ్ల పిల్లల్ని అడిగితే, గడిచిన వారం రోజుల్లో టీచరు చేతి దెబ్బ తిన్నామన్నవాళ్లు 78 శాతం. నూటికి డెబ్బై ఎనిమిది మంది. ఒక్క వారంలో. జీవో వచ్చిన ఏడేళ్లకు.

ఆ పిల్లలు 2001, 2002లలో పుట్టినవాళ్లు. 2017, 2018 నాటికి పదహారు దాటారు. ఆ ఏళ్లలో పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన మైనర్లు దెబ్బ తెలియకుండా గారాబంగా పెరిగిన తరం కాదు, వారం వారం బెత్తం రుచి చూసిన తరం. బెత్తం నేరాన్ని ఆపేదైతే వాళ్ల విషయంలో ఆపి ఉండాలి. బడి ఎందుకు నచ్చదు అని అదే అధ్యయనం అడిగినప్పుడు పిల్లలు మొదట చెప్పిన కారణం కొట్టడం, తిట్టడం.

భయం పనిచేస్తుందా లేదా అన్నది నమ్మకానికి వదిలేసిన విషయం కూడా కాదు. 1970లలో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు రావే జైల్లో ఒక ప్రయోగం చేశారు. దారి తప్పుతున్న కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత అరిపించి, బెదిరించి, జైలంటే ఏమిటో చూపించి వదిలేవాళ్లు. దాని మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత పరిశోధకులు నింపాదిగా లెక్కలు తీశారు. అలా భయపెట్టిన పిల్లలు, భయపెట్టకుండా వదిలేసిన పిల్లలకన్నా ఎక్కువ నేరాలు చేశారు. పిల్లల్ని కొట్టడం మీద 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 75 అధ్యయనాలను, లక్షా అరవై వేల మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. దెబ్బలు ఎక్కువ తిన్న పిల్లల్లో దూకుడూ, సంఘవ్యతిరేక ప్రవర్తనా ఎక్కువే కనిపించాయి తప్ప తగ్గలేదు.

కారణం వెతకడానికి పరిశోధకుడి దాకా పోనక్కర్లేదు, ఏ ఇంట్లోనైనా కనిపిస్తుంది. లెక్కల్లో పదకొండు మార్కులొచ్చిన ఏడో తరగతి పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చాడు. ఇంట్లో చూపిస్తే బెల్టు తీస్తారు. సంతకం లేకుండా తీసుకెళ్తే బళ్లో చేతులు వాచిపోతాయి. వాడు ట్యూషన్ నోటు పుస్తకం చివరి పేజీలో నాన్న సంతకం పదిసార్లు దిద్దుతాడు. పదకొండోసారి కార్డు మీద పెడతాడు. దొరకలేదు. ఆ రోజు వాడికి వంటబట్టింది లెక్కలు కాదు. తప్పు చేసి దొరక్కుండా ఉండటం ఎలాగో వంటబట్టింది. తర్వాత ఫీజు డబ్బుల్లో రెండొందలు కనబడకపోతే వాడు ఎవరికి చెప్తాడు? ఎవడో పెద్ద కుర్రాడు బెదిరించి ఏదో చేయమంటే ఎవరి దగ్గరికి పరుగెత్తుకొస్తాడు? ఇంట్లో చెప్తే చంపేస్తారు అన్న మాట మన పిల్లల నోటివెంట ఎంత మామూలుగా వస్తుందో గమనించండి. నేరం దాకా వెళ్లిన ప్రతి పిల్లవాడి వెనకా, ఇంట్లో చెప్పలేకపోయిన చిన్న తప్పులు వరసగా ఉంటాయి.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక పేరున్న ప్రైవేటు బళ్లో రెండో తరగతి పిల్లవాడు హత్యకు గురయ్యాడు. పోలీసులు మొదట బస్సు కండక్టరును పట్టుకుని, అతనే నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. తర్వాత సీబీఐ వచ్చి అతనికి సంబంధం లేదని తేల్చింది. అదే బళ్లో పదకొండో తరగతి చదివే కుర్రాణ్ణి అదుపులోకి తీసుకుంది. పరీక్షనూ, తల్లిదండ్రుల సమావేశాన్నీ వాయిదా వేయించడానికే చంపాడన్నది సీబీఐ అభియోగం. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఒక పరీక్ష, ఒక పేరెంట్స్ మీటింగ్ ఒక పిల్లవాణ్ణి అంతగా వణికించగలవని దేశపు దర్యాప్తు సంస్థకు నమ్మదగ్గదిగా తోచింది. భయం చాల్లేదంటున్న పెద్దలు దీనికి ఏం జవాబు చెప్తారు?

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నిజమే. తోటలో పనిచేసేవాణ్ణి ఎవరినైనా అడగండి, మొక్కను నిలబెట్టడానికి పక్కన ఊతకర్ర పాతి దారంతో కడతాడు. దాన్ని ఆ కర్రతో కొట్టడు.

తల్లుల మీద వేసే నింద ఇంకా అన్యాయం. పిల్లవాడు చెడితే ముందు వినిపించే ప్రశ్న "వాళ్లమ్మ ఏం చేస్తోంది?" అన్నదే. తండ్రి రాత్రి పదింటికి తాగొచ్చినా సరే, ప్రశ్న తల్లికే. ఉద్యోగానికి పోతే పిల్లల్ని గాలికొదిలేసిందంటారు, ఇంట్లో ఉంటే గారాబం చేసి చెడగొట్టిందంటారు. బోస్టన్ నగరంలో నేరాల్లో పట్టుబడిన 500 మంది, పట్టుబడని 500 మంది కుర్రాళ్లను గ్లూక్ దంపతులు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ కాగితాలను శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు మళ్లీ తిరగేసి 1993లో పుస్తకం వేశారు. నేరానికి దగ్గరగా కనిపించినవి మూడు: ఒకరోజు ముద్దు, ఒకరోజు మోత అన్నట్టు నిలకడ లేని కఠిన శిక్షలు, పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియకపోవడం, తల్లిదండ్రులకూ వాడికీ మధ్య మమత తెగిపోవడం. పేదరికం కూడా చాలావరకు వీటి ద్వారానే పిల్లల దాకా వచ్చిందని వాళ్లు తేల్చారు.

కాబట్టి పెంపకానికీ నేరానికీ సంబంధం లేదని నేననడం లేదు. గట్టి సంబంధం ఉంది. మనవాళ్లు చెప్తున్న సంబంధం అది కాదంటున్నాను. సాయంత్రం వాడు ఎవరితో తిరుగుతున్నాడో తెలిసి ఉండటం, తప్పు చేశానని వచ్చి చెప్తే వినే మనిషి ఇంట్లో ఒక్కరుండటం, ఈరోజు తప్పన్నది రేపూ తప్పే అనడం. ఇదీ పెంపకం. చలం 'బిడ్డల శిక్షణ' రాసి పిల్లల మీద చేయి చేసుకోవద్దని ఎప్పుడో మొత్తుకున్నాడు. ఆడవాళ్ల గురించి ఆయన అన్నవాటి మీద ఇప్పటికీ కొట్లాడుకుంటాం, పిల్లల గురించి అన్నదాన్ని మాత్రం చదవనైనా చదవలేదు.

జాతీయ నేర గణాంకాల్లో ఏళ్ల తరబడి ఒక విషయం మారలేదు. పట్టుబడిన మైనర్లలో ఇల్లూ వాకిలీ లేనివాళ్లు కొద్దిమంది, అత్యధికులు తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవాళ్లే. ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు. చాలామందికి లేనిదల్లా ఆ అమ్మానాన్నలకు సాయం. పన్నెండు గంటలు సెక్యూరిటీ గార్డుగా నిలబడి వచ్చిన తండ్రికి, నాలుగిళ్లలో పాచిపని చేసి వచ్చిన తల్లికి పద్నాలుగేళ్ల కొడుకుతో ఎలా మాట్లాడాలో చెప్పే మనిషి మన వ్యవస్థలో ఎక్కడున్నాడు? బడి వాళ్లను పిలిచేది రెండు సందర్భాల్లోనే: ఫీజు బాకీ పడినప్పుడు, కొడుకు మీద ఫిర్యాదు ఉన్నప్పుడు.

డబ్బున్న ఇళ్ల సంగతి వేరు. 2024 మే 19న పుణేలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన ఖరీదైన కారు ఇద్దరు యువ ఇంజినీర్లను చంపింది. కొన్ని గంటల్లోనే బెయిలు వచ్చింది, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయాలన్న షరతుతో. తర్వాత రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద తండ్రి, తల్లి, ఇద్దరు వైద్యులు అరెస్టయ్యారు. డ్రైవరును నిర్బంధించి నేరం మీద వేసుకోమన్నారన్న ఆరోపణ మీద తాత అరెస్టయ్యాడు. ఆ ఆరోపణలే నిజమైతే ఆ ఇంట్లో పిల్లవాడికి దొరకనిది బెత్తమా? తప్పుకు మూల్యం మనం కట్టక్కర్లేదు, ఎవరో ఒకరి చేత కట్టించొచ్చన్న పాఠమే రెండు తరాలు కలిసి నేర్పినట్టు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరుకు బండి ఇచ్చిన పెద్దలకు మూడేళ్ల జైలు, 25 వేల జరిమానా విధించవచ్చంటోంది. తల్లిదండ్రుల్ని శిక్షించాలంటున్నవాళ్లు ముందు ఈ సెక్షన్ అమలు అడగాలి. మన ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ వేళ ఏ రోడ్డు మీద నిలబడినా తాళం ఇచ్చిన తండ్రులు వరసగా కనిపిస్తారు.

ఫోను గురించి ఒక్క మాట. దాని హాని నిజం, ముఖ్యంగా బూతు వీడియోల హాని. ఒకరి శరీరం మీద మరొకరికి హక్కు లేదని పన్నెండేళ్ల పిల్లవాడికి ఇంట్లో గానీ బళ్లో గానీ ఎవరూ చెప్పకపోతే చెప్పేది ఫోనే. పెద్దలు నోరు విప్పడానికి సిగ్గుపడిన చోటల్లా అది మాట్లాడుతుంది.

ఇక చదువు. చదువుంటే నేరం ఉండదన్నది రెండో అపోహ. 2022 మే నెలలో జూబ్లీహిల్స్‌లో బాలికపై జరిగిన సామూహిక అత్యాచారం కేసులో నిందితులైన మైనర్లు చదువు అందనివాళ్లు కాదు. గురుగ్రామ్, పుణే కుర్రాళ్లు ఎంత ఖరీదైన బళ్లలో చదివారో అందరికీ తెలుసు. మార్కుల చదువు నేరాన్ని ఆపదు. మరి చదువుకూ నేరానికీ సంబంధం ఎక్కడుంది? అంకెలే చూపిస్తున్నాయి. పట్టుబడిన మైనర్లలో నిరక్షరాస్యులు కొద్దిమందే. ప్రాథమిక బడి దాటి, పదో తరగతి మెట్టు ఎక్కనివాళ్లది పెద్ద వంతు. 2022లోనూ 2023లోనూ పట్టుబడిన ప్రతి వందమందిలో సుమారు 79 మంది పదహారు, పద్దెనిమిది ఏళ్ల మధ్యవాళ్లు.

ఆ వయసును మన చట్టాల పక్కన పెట్టి చూడండి. రాజ్యాంగంలోని 21ఎ అధికరణం చదువును హక్కుగా ఇచ్చింది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బళ్లోంచి తీసేయకూడదు. తొమ్మిదిలో అడుగు పెట్టగానే ఆ రక్షణ పోతుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగు దాటినవాణ్ణి ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చంది. కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో ప్రాథమిక స్థాయిలో బడి మానేసినవాళ్లు 1.5 శాతం, ప్రాథమికోన్నత స్థాయిలో 3 శాతం. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఒక్కసారిగా 12.6 శాతం. చట్టం ఎక్కడ చెయ్యి వదిలేసిందో సరిగ్గా అక్కడే పిల్లలు జారిపోతున్నారు. జారిపోయిన రెండు మూడేళ్లకు వచ్చే వయసే పోలీసు రికార్డుల్లో మనకు కనిపిస్తున్నది. బడి మానేసిన ప్రతివాడూ నేరం చేస్తాడని కాదు. లక్షలమంది ఒళ్లొంచి పనిచేసుకుని బతుకుతున్నారు. కానీ నేరం వైపు లాగేవాడి చేతికి చిక్కేది రోజంతా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని పిల్లవాడే.

ఆ జారిపోవడం ఎలా జరుగుతుందో తెలియని టీచరు లేడు. వేసవి సెలవులకు ముందు హెడ్మాస్టరు గది బయట బెంచీ మీద ఆటో నడిపే తండ్రి కూర్చుని ఉంటాడు. పక్కన తొమ్మిదో తరగతి కొడుకు, బొటనవేలితో గచ్చు రాస్తూ. లోపలికి పిలిచాక మాట సూటిగానే వస్తుంది. "మీవాడు పది గట్టెక్కడండీ. మా స్కూలు రిజల్ట్ పడిపోతుంది. టీసీ తీసుకుని ఇంకెక్కడైనా చేర్పించుకోండి." ఒక్క అవకాశం ఇవ్వండి సార్ అని తండ్రి బతిమాలతాడు. కొడుకు ముందే బతిమాలతాడు. టీసీలో ప్రవర్తన అన్న గడిలో 'సంతృప్తికరం' అని రాసి ఇస్తారు. జూన్‌లో ఆ బడి వంద శాతం ఉత్తీర్ణత ఫ్లెక్సీ కడుతుంది. కుర్రాడు కొన్నాళ్లు ఇంట్లో, కొన్నాళ్లు మెకానిక్ షెడ్డులో. అక్కడ వాడికి ఒక అన్న దొరుకుతాడు. బండి మీద తిప్పుతాడు, బిర్యానీ తినిపిస్తాడు, ఎవరూ పిలవనంత ప్రేమగా పేరు పెట్టి పిలుస్తాడు. ఒక సాయంత్రం, నువ్వు వెనక కూర్చో చాలు, ఫోను నేను లాక్కుంటా అంటాడు. పిల్లల్ని నేరానికి వాడుకునే పెద్దలకు ఏడేళ్ల జైలని జువైనల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ చెప్తోంది. టీవీ చర్చల్లో ఆ సెక్షన్ పేరెత్తినవాళ్లను నేను చూడలేదు. వాణ్ణి గచ్చు మీదినుంచి షెడ్డులోకి తోసిన టీసీ పేరు కూడా ఎవరూ ఎత్తరు. బెత్తం లేకపోవడమే కారణమంటారు.

నిర్భయ కేసులో దోషిగా తేలిన మైనరు పదకొండేళ్లకే ఇల్లొదిలి ఢిల్లీ చేరి దాబాల్లో పనిచేస్తూ పెరిగినవాడని అప్పట్లో పత్రికలు రాశాయి. అది వాడి నేరాన్ని ఇసుమంతైనా తగ్గించదు. కానీ ఆ ఆరేడేళ్లలో ఒక్క బడిగానీ, ఒక్క అధికారిగానీ ఈ పిల్లవాడు ఎక్కడ అని అడగలేదు. ఆ కేసు తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో అంత కోపంలోనూ మైనరు వయసు తగ్గించవద్దని చెప్పింది. పార్లమెంటు వినలేదు. ఆ మైనరు విడుదలైన రెండు రోజులకు, 2015 డిసెంబరు 22న రాజ్యసభ కొత్త జువైనల్ జస్టిస్ చట్టాన్ని ఆమోదించింది. ఘోర నేరాల్లో పదహారు దాటినవాళ్లను పెద్దలుగా విచారించే దారి తెరుచుకుంది. ఇప్పుడు ఆ వయసు పద్నాలుగుకు దించాలంటున్నారు. రేపు పన్నెండంటారు.

నేరాల వరద వచ్చిపడిందన్న మాట కూడా తప్పే. మైనర్ల మీద నమోదైన కేసులు 2021లో 31,170, 2022లో 30,555, 2023లో 31,365. 2022లో దేశం మొత్తం మీద నమోదైన నేరాలు 58 లక్షల పైమాట. అందులో పిల్లలవి నూటికి ఒకటి కూడా కావు, అరశాతం. ఈ అరశాతం కోసం పెద్ద మాటలు మాట్లాడుతున్న మనం, ఆ పిల్లల్ని మళ్లీ మనుషుల్లో కలపాల్సిన వ్యవస్థను ఎలా ఉంచామో చూడాలి. చట్టం ప్రకారం పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుండాలి. ప్రొబేషన్ అధికారి ఇంటికి వెళ్లి, బడికి వెళ్లి, పిల్లవాడి పరిస్థితి మీద నివేదిక రాయాలి. ఇండియా జస్టిస్ రిపోర్ట్ బృందం 2025లో చేసిన అధ్యయనం ప్రకారం దేశంలో బోర్డుల ముందున్న కేసుల్లో సగానికి పైగా పెండింగే. పదిహేనేళ్లకు తప్పు చేసినవాడి కేసు మీసాలొచ్చాక తేలితే అందులో దిద్దుబాటు ఎక్కడుంటుంది?

పనికొచ్చే దారి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. 1960లలో అమెరికాలోని ఇప్సిలాంటి అనే పట్నంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలతో పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం మొదలైంది. సగంమందికి మంచి పూర్వప్రాథమిక బడి పెట్టారు, సగంమందికి లేదు. బడి పెట్టిన పిల్లల ఇళ్లకు టీచరు వారం వారం వెళ్లి తల్లితో కూర్చునేది. ఫిర్యాదు చేయడానికి కాదు, పిల్లవాడితో ఇంట్లో ఏం చేయొచ్చో కలిసి చేసి చూపించడానికి. నలభై ఏళ్లు వచ్చాక చూస్తే, ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు అరెస్టయినవాళ్లు బడి అందని జట్టులో 55 శాతం, అందినవాళ్లలో 36 శాతం. మంచి బడీ, టీచరు గుమ్మం తొక్కడమూ కలిసి అంత పని చేశాయి.

మన గడ్డ మీద కూడా ఉదాహరణ ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, పశువుల కొట్టాల నుంచి, పత్తి చేల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి, శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చింది. పేదవాళ్లకు చదువు మీద ఆశ లేదన్నవాళ్ల నోళ్లు మూయించింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యింది. ఆ శిబిరాల్లోకి వచ్చినవాళ్లు మనవాళ్లు మొండిఘటాలు అనే పిల్లలే. వాళ్లను బళ్లో నిలిపింది ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల కాళ్లు.

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి, ఇప్పుడు తల్లికి వందనం పేరుతో ఇంటర్ దాకా చదివే పిల్లల తల్లులకు డబ్బు ఇస్తున్నారు. మంచిదే. పిల్లవాణ్ణి బళ్లో ఉంచడానికి తల్లికి డబ్బిస్తూ, అదే పిల్లవాణ్ణి రిజల్ట్ కోసం బయటికి గెంటే బళ్లను చూస్తూ ఊరుకోవడం మాత్రం మంచిది కాదు. చదువు హక్కును పద్దెనిమిదేళ్లకు పొడిగించాలి. 2030 నాటికి సెకండరీ దాకా అందరికీ చదువు అని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. అది ఆశయంగా ఉంది, చట్టంగా లేదు. తొమ్మిది, పది తరగతుల్లో మార్కులు తక్కువని టీసీ ఇవ్వడాన్ని ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా నిషేధించాలి. పది తప్పిన ప్రతి పిల్లవాడి ఇంటికి సప్లిమెంటరీ పరీక్ష లోపే ఒక మనిషి వెళ్లాలి. పాసవలేనివాణ్ణి ఓపెన్ స్కూల్లో చేర్చేదాకా ఆ బడి బాధ్యత తీరకూడదు. బోర్డుల్లో ఖాళీలు నింపాలి. ప్రొబేషన్ అధికారికి తిరగడానికి బండీ, రాయడానికి తీరికా ఉండాలి.

బెత్తం అడుగుతున్న పెద్దలకు నా విజ్ఞప్తి ఒక్కటే. పిల్లల మీద మీకున్న బెంగ నిజమైతే దాన్ని ఈ సంవత్సరం ఒక పనికి పెట్టండి. మీ ఊరి బళ్లో నిరుడు తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఉండి, ఇప్పుడు పదిలో లేని పేర్లు ఎన్నో అడగండి. ప్రభుత్వ బడైతే తల్లిదండ్రుల కమిటీలో కూర్చుని అడగండి. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడిన ఆ కమిటీలో నూటికి డెబ్బై ఐదుగురు తల్లిదండ్రులే ఉండాలి, కాబట్టి అడిగే అధికారం మీకుంది. ప్రైవేటు బడైతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా రాసి అడగండి. ఆ పేర్లు పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లండి. అడ్మిషన్లు మూసేలోపు వెళ్లండి.